ఆఫీసుకు వెళ్తే ఏ ఫైలు అడగాలి?

ఇల్లు, నిర్మాణం: పాఠకుల ప్రశ్నలకు హనుమకొండ ఆర్కిటెక్టు జవాబులు

గోడల పగుళ్లు, స్లాబు లీకేజీలు, ఈశాన్యం మూల గురించి వచ్చిన ఉత్తరాలను ఈ నెల పక్కన పెట్టాను. ఆర్కిటెక్చర్ చదువుతున్న పిల్లల నుంచి, వాళ్ల ఇళ్ల నుంచి, పాఠాలు చెప్పే వాళ్ల నుంచి వరుసగా ఉత్తరాలు వచ్చాయి. అన్నింటిలోనూ విషయం దాదాపు ఒకటే. కాలేజీ వాళ్లు పిల్లలను ఆర్కిటెక్టుల ఆఫీసులకు తీసుకెళ్తున్నారు, అక్కడ నేర్చుకోవలసింది ఏమిటి? ఇది నాకు బాగా ఇష్టమైన విషయం. ఇల్లు కట్టుకుంటున్న పాఠకులు ఒక్క నెల ఓపిక పట్టాలి. మీకు పనికొచ్చే సంగతులు కూడా ఇందులో ఉన్నాయి.

ప్రశ్న: నమస్తే మేడం. నేను బీఆర్క్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల మా తరగతిని హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆఫీసుకు, హనుమకొండలో ఒక చిన్న ఆఫీసుకు తీసుకెళ్తున్నారు. పోయినసారి ఇలాగే వెళ్తే వాళ్లు కట్టిన భవనాల ఫొటోలు తెర మీద చూపించారు, టీ ఇచ్చారు, అందరం కలిసి ఫొటో దిగి వచ్చేశాం. ఏం నేర్చుకున్నావని నాన్న అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈసారి ఏం చూడాలి, ఏం అడగాలి?
– విద్యార్థిని, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ నాన్నగారు అడిగిన ప్రశ్న మంచిది. దానికి జవాబు వెతుక్కోవాలని నీకు అనిపించడం ఇంకా మంచిది.

ఆఫీసు వాళ్లు పూర్తయిన భవనాల ఫొటోలు చూపించడంలో తప్పు లేదు. ఎవరైనా వచ్చిన వాళ్లకు తమ మంచి పనే చూపిస్తారు. కానీ ఆ ఫొటోలు ఫోనులో కూడా దొరుకుతాయి. వాటి కోసం పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ దాకా వెళ్లనక్కర్లేదు. ఆఫీసులో తప్ప మరెక్కడా దొరకనిది ఒకటుంది. ఒక ఇల్లు కాగితం మీద ఎన్నిసార్లు మారిందో, ఎవరి మాట మీద మారిందో తెలిపే ఫైలు. నువ్వు అడగవలసింది అదే. "రెండు వందల గజాల్లో కట్టిన ఒక మామూలు ఇంటి ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చూపిస్తారా?" అని అడుగు. షాపింగ్ మాల్ వద్దు, ఆసుపత్రి వద్దు. వాటి డ్రాయింగులు వందల్లో ఉంటాయి, మీకున్న సమయంలో మొదలు ఎక్కడో చివర ఎక్కడో తెలియదు. చిన్న ఇంటి ఫైలైతే ఒక పూటలో మొత్తం తిరగేయవచ్చు.

ఆ ఫైలులో మొట్టమొదట ఒక రఫ్ కాగితం ఉంటుంది. స్థలం నాలుగు వైపులా టేపు పట్టి రాసుకున్న కొలతలు, పక్కింటి గోడ, కరెంటు స్తంభం, వేపచెట్టు ఎక్కడున్నాయో గుర్తులు, రోడ్డు వెడల్పు. పత్రంలో రాసిన కొలతకు, నేల మీద ఉన్న కొలతకు తేడా వస్తే అది కూడా అక్కడే రాసి ఉంటుంది. దాని కిందే ఇంటివాళ్లు చెప్పిన కోరికలు: రెండు పడక గదులు, పూజ గది, కారుకు చోటు, పైన కిరాయికి ఒక వాటా. ఆ తర్వాత చేత్తో గీసిన స్కెచ్‌లు. ఆ తర్వాత మున్సిపాలిటీ అనుమతి కోసం వేసిన డ్రాయింగులు. వీటి తర్వాతే అసలు కట్టడానికి పనికొచ్చే వర్కింగ్ డ్రాయింగులు మొదలవుతాయి. అనుమతి డ్రాయింగును, వర్కింగ్ డ్రాయింగును పక్కపక్కన పెట్టి చూపించమని అడుగు. మీ కాలేజీలో వేసేవి చాలావరకు మొదటి రకానికి దగ్గరగా ఉంటాయి. రెండో రకంలో ఒకే గోడ మీద ఎన్ని కొలతలు ఉంటాయో చూస్తే, మేస్త్రీ చేతికి వెళ్లే కాగితం ఎలా ఉండాలో అర్థమవుతుంది.

అనుమతి గురించి కూడా అడుగు, ఎందుకంటే మన రాష్ట్రంలో ఆ పద్ధతి కొన్నేళ్ల కిందట మారింది. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో కింది అంతస్తు మీద ఇంకో అంతస్తు దాకా కట్టుకునే చిన్న ఇంటికి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద, అంటే నిబంధనలు పాటిస్తామని మనమే రాసిస్తే, వెంటనే అనుమతి వస్తుంది. అంతకన్నా పెద్దవాటికి 21 రోజుల గడువు. వినడానికి సులువుగా ఉంది కదా? కానీ నిబంధన మీరి కడితే ముందుగా నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. అంటే చుట్టూ ఎంత ఖాళీ వదలాలో 2012 నాటి 168వ నంబరు జీవోలోని పట్టికలు చూసి సరిగ్గా లెక్కవేయకపోతే ఆ ఇంటివాళ్ల జీవితకాలపు పొదుపు మట్టిపాలవుతుంది. ఒక్క గీతకు ఎంత బరువు ఉందో ఆ ఫైలు చూస్తున్నప్పుడు తెలుస్తుంది.

ఇక ప్రతి డ్రాయింగుకూ కుడి వైపు కింది మూలన చిన్న పట్టిక ఉంటుంది. తేదీ, స్కేలు, ఎవరు గీశారు, ఎవరు సరిచూశారు, ఎన్నో సవరణ. మారిన చోట చుట్టూ మబ్బులాంటి గీత గీసి ఉంటుంది. ఆ గీతల దగ్గర ఆగు. ప్రతి దాని దగ్గరా ఒకే ప్రశ్న అడుగు: "ఇది మార్చమన్నది ఎవరు?" ఇంటివాళ్లా, స్ట్రక్చరల్ ఇంజినీరా, మున్సిపాలిటీనా, సైటులో మేస్త్రీనా?

మెట్లనే తీసుకుందాం. అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులు అనుకో, అంటే 126 అంగుళాలు. ఒక్కో మెట్టు ఎత్తు 6 అంగుళాలు పెడితే సరిగ్గా 21 మెట్లు. బేసి సంఖ్య కాబట్టి ఇంట్లో అందరికీ సమ్మతమే. మధ్యలో ల్యాండింగ్ పెట్టి రెండు వరుసలు చేస్తే 10, 11గా విడిపోతాయి. ల్యాండింగ్ తానే ఒక మెట్టు కాబట్టి 11 ఎత్తులున్న వరుసలో అడుగు వేసే పలకలు 10. ఒక్కొక్కటి 10 అంగుళాల వెడల్పు అయితే ఆ వరుస పొడవు 100 అంగుళాలు, అంటే 8 అడుగుల 4 అంగుళాలు. ఇంతలో ఇంటాయన పెద్ద కారు కొన్నాడు, పార్కింగుకు ఇంకో అడుగున్నర కావాలన్నాడు. మెట్టు ఎత్తు 7 అంగుళాలు చేసి చూశారు. 18 మెట్లు, 9 చొప్పున రెండు వరుసలు, పలకలు 8, పొడవు 6 అడుగుల 8 అంగుళాలు. ఏకంగా 20 అంగుళాలు మిగిలాయి. జాతీయ భవన నియమావళి ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చంటుంది, పలక వెడల్పు 250 తగ్గకూడదంటుంది. 7 అంగుళాలంటే 178, 10 అంగుళాలంటే 254. నియమం ప్రకారం ఏ ఇబ్బందీ లేదు. కానీ 18 సరి సంఖ్య, ఇంటి పెద్దావిడ ఒప్పుకోలేదు. ఆవిడ మోకాళ్లకు 7 అంగుళాలు ఎక్కువ కూడా. చివరికి 19 దగ్గర కుదిరింది. 9, 10గా రెండు వరుసలు, పొడవైన దానిలో పలకలు 9, పొడవు 7 అడుగుల 6 అంగుళాలు. కారుకు 10 అంగుళాలు ఇక్కడ దొరికాయి, మిగతా 8 వరండా నుంచి తీసుకున్నారు.

కాగితం మీద ఇది ముగిసింది, సైటులో ముగియలేదు. 126ను 19తో భాగిస్తే ఒక్కో మెట్టు 6.63 అంగుళాలు. మేస్త్రీ టేపు మీద 6.63 ఎక్కడ చూపిస్తావు? ఆరున్నర అని ఒకరు, ఆరుముప్పావు అని ఒకరు పెట్టుకుంటూ పోతే చివరి మెట్టు దగ్గర తేడా అంతా కుప్పపడుతుంది. అందుకే పని తెలిసిన ఆఫీసు మిల్లీమీటర్లలో రాస్తుంది, విడివిడి కొలతతో పాటు కింది నేల నుంచి ప్రతి మెట్టు తల దాకా ఉండే మొత్తం కొలతను కూడా రాస్తుంది. మేస్త్రీ గోడ మీద ఒకేసారి గుర్తులు పెట్టుకుంటాడు. ఇంకో చిక్కు ఉంది. నేల మీద టైలు, దాని కింద మాలు కలిసి రెండు అంగుళాలు లేస్తుంది, మెట్ల మీద గ్రానైటు ఒకటిన్నరే లేస్తుంది. కాంక్రీటు పోసే ముందే ఆ లెక్క వేసుకోకపోతే మొదటి మెట్టు మిగతా వాటికన్నా అర అంగుళం పొట్టిది అవుతుంది. అలవాటైన అడుగు తడబడేది అక్కడే. నీ ఫైలులో మెట్ల డ్రాయింగు దొరికితే ఈ లెక్క వేశారో లేదో నువ్వే చూసి చెప్పు. ఆ ఆఫీసు పెద్ద నీ వైపు తిరిగి కూర్చుంటారు, అప్పటి నుంచి మాట వేరేగా సాగుతుంది.

పెద్ద ఆఫీసులో సంగతి వేరు. అక్కడ ఒక్కో గుంపు ఒక్కో పని చేస్తుంది. ఆర్కిటెక్టు గీసిన పైకప్పు కిందనే ఇంజినీరు దూలం, ఏసీ గొట్టాలు, మంటలార్పే నీటి పైపులు, కరెంటు ట్రేలు అన్నీ ఇమడాలి. కంప్యూటర్ నమూనాలో ఇవన్నీ ఒకదాన్ని ఒకటి ఎక్కడ గుద్దుకుంటున్నాయో చూపించమను. అలాంటి ఒక్క చోటును ఎలా సర్దారో వివరంగా అడుగు, అది చాలు. యజమాని గదిలో అందరూ గుమిగూడినప్పుడు నువ్వు మాత్రం చేరి రెండేళ్లయిన ఉద్యోగి పక్కన కూర్చో. "నిన్న మీరు గీసినదాంట్లో ఏం దిద్దారు?" అని అడుగు. ఎర్ర పెన్నుతో దిద్దిన ప్రింటు చూపిస్తే దాన్ని శ్రద్ధగా చదువు. ఇంకొన్నేళ్లకు నువ్వు కూర్చునేది ఆ కుర్చీలోనే.

హనుమకొండ ఆఫీసులో ఫైలు చూశాక, ఆ ఇల్లు ఇంకా కడుతూ ఉంటే సైటుకు తీసుకెళ్లమని అడగండి. డ్రాయింగు చేతిలో పట్టుకుని వెళ్లాలి. బేస్‌మెంటు ఎత్తు ఎక్కడి నుంచి కొలిచారో మేస్త్రీని అడగండి. మా కాలనీల్లో పాత సీసీ రోడ్డు మీదనే కొత్త సీసీ రోడ్డు పోస్తారు. రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇల్లు పెరగదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు మంచాలు, బియ్యం బస్తాలు తడిసిన వాళ్లను నేను చూశాను. నాలా ఎటు పోతోంది, చెరువు నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయి, రోడ్డు ఇంకోసారి లేస్తే గడప ఎక్కడ ఉంటుంది అని ఆలోచించకుండా ఇక్కడ బేస్‌మెంటు ఎత్తు రాయకూడదు. ఈ ఒక్క కొలత వెనక ఎంత విచారణ ఉందో ఆ ఆఫీసు వాళ్లతో చెప్పించుకోండి. కాలేజీ ప్రాజెక్టుల్లో స్థలం ఎప్పుడూ చదునుగా, పొడిగా ఉంటుంది కాబట్టి ఇది నేను గట్టిగా చెబుతున్నాను.

ఫొటోల కన్నా నోటుపుస్తకం, టేపు తీసుకెళ్లు. అవి ఎవరో ఉంటున్న ఇళ్ల డ్రాయింగులు. అడగకుండా ఫొటో తీయవద్దు, తీసినా ఎక్కడా పెట్టవద్దు.

ప్రశ్న: మేడం గారూ, నేను ప్రాక్టికల్ ట్రైనింగ్‌లో ఉన్నాను. సందర్శనకు వెళ్లినప్పుడు నచ్చిన ఆఫీసులోనే చేరాను. చేరినప్పటి నుంచి బాత్రూముల వివరాలే గీయిస్తున్నారు. డిజైన్ నేర్చుకుందామని వస్తే ఇదేమిటి అనిపిస్తోంది. మానేసి వేరే చోటికి వెళ్లనా?
– విద్యార్థి, మంచిర్యాల

జవాబు: బాబూ, మానవద్దు. కనీసం ఒక బాత్రూమును కాగితం నుంచి టైళ్లు వేసేదాకా నీ కళ్లతో చూసే వరకు మానవద్దు.

ఇంట్లో అతి చిన్న గది అదే, అతి ఎక్కువ పనివాళ్లు దూరేది కూడా అందులోకే. సెంట్రింగ్ వాళ్లు, ప్లంబరు, వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్లు, కరెంటు పనివాళ్లు, టైళ్ల మేస్త్రీ, వడ్రంగి, చివర్లో ఫిట్టింగులు బిగించే మనిషి. ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు చోటులో ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ముందు వచ్చినవాడి తప్పు తర్వాత వచ్చినవాడి నెత్తిన పడుతుంది. కమోడునే చూడు. నేలలోకి దిగే రకమైతే గోడ నుంచి గొట్టం ఎంత దూరంలో ఉండాలో కంపెనీ కాగితంలో ఉంటుంది, అది టైలు వేసిన గోడ నుంచి కొలిచిన దూరం. ప్లంబరు ఇటుక గోడ నుంచి కొలిస్తే టైలు, మాలు మందం మేరకు కమోడు గోడకు ఢీకొంటుంది. గోడలోకి వెళ్లే రకం కావాలని ఇంటివాళ్లు స్లాబు వేశాక మనసు మార్చుకుంటే గొట్టం నేల మీది నుంచి దాదాపు 180 మిల్లీమీటర్ల ఎత్తులో గోడ దాటాలి. అక్కడ బయట గొట్టాలు దిగే షాఫ్టు ఉందా, పిల్లర్ అడ్డుందా? నువ్వు గీస్తున్న కాగితంలోనే ఈ ప్రశ్నలన్నీ ఉన్నాయి.

నువ్వు గీసే దానిలో ఇవి ఉన్నాయో లేదో ఈ వారం చూసుకో. బాత్రూము కింద స్లాబును ఎంత దించి వేయాలి, గది నేల కన్నా బాత్రూము నేల ఎంత కింద ఉంది, వాలు ఏ మూలకు, నీళ్లు తలుపు వైపు పారకుండా ఏం చేశావు. టైలు ఏ మూల నుంచి మొదలైంది, కోసిన ముక్క ఎక్కడ పడింది. తలుపుకు ఎదురుగా పడితే ఆ ఇంటివాళ్లు రోజూ దాన్నే చూస్తారు. ఆ గోడకు అవతల పూజ గది ఉందా? మన ఇళ్లలో దాన్ని ఎవరూ ఒప్పుకోరు, అది ముందే చూసుకోవలసిన పని. రెండున్నర అడుగుల తలుపు పెడితే చౌకట్టు మందం, తెరిచిన తలుపు మందం పోను మిగిలే దారిలో చక్రాల కుర్చీ పట్టడం కష్టం. ఆ ఇంట్లో ముసలివాళ్లు ఉన్నారా అని అడగడం డిజైన్ కాక మరేమిటి?

వాటర్‌ప్రూఫింగ్ చేశాక నీళ్లు నింపి ఒకట్రెండు రోజులు ఉంచి కింద తడి వస్తుందేమో చూస్తారు. ఆ రోజు ఆఫీసులో అనుమతి అడిగి సైటుకు వెళ్లు. కింది గది పైకప్పును చూస్తూ నిలబడిన మేస్త్రీ పక్కన నువ్వూ నిలబడు. అన్నీ చూశాక కూడా ఆ ఆఫీసు నీకు ఇంకే పనీ చూపించకపోతే, అప్పుడు వెళ్లి పెద్దాయనతో మాట్లాడు. "సార్, ఈ ఇంటి మిగతా డ్రాయింగులు కూడా నేర్చుకుంటాను" అని నేరుగా అడుగు. చాలామంది కాదనరు. నెలలు గడిచినా సైటు మొహం చూపించని ఆఫీసైతే మారడంలో తప్పు లేదు.

ప్రశ్న: నేను ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలను తీసుకొస్తామంటే ఆఫీసులు ఒప్పుకోవడం లేదు. ఒప్పుకున్న వాళ్లు కూడా గంటలో పంపించేస్తున్నారు. వాళ్ల సహకారం లేకుండా ఏం చేయగలం?
– ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: సార్, ఆఫీసు వైపు నుంచి ఒక్కసారి చూడండి. ఆరు బల్లలున్న గదిలోకి నలభై మంది ఒకేసారి వస్తే ఆ పూట పని ఆగిపోతుంది, నిలబడడానికి చోటుండదు, వెనక వరుసలో ఉన్నవాళ్లకు మాట వినిపించదు. కాబట్టి ఎనిమిది మంది చొప్పున వేర్వేరు రోజుల్లో పంపండి. వారం ముందు పిల్లల ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి పంపించండి. ఆ కాగితం చదివితే వీళ్లు ఊరికే రావడం లేదని ఆఫీసు వాళ్లకు అర్థమవుతుంది. వెళ్లాక ఒక ఇంటి ఫైలు, కుదిరితే ఆ ఇంటి సైటు, అంతే అడగండి.

ఎప్పుడు పంపాలన్నది కూడా ముఖ్యం. స్లాబుకు కడ్డీలు కట్టి, కాంక్రీటు ఇంకా పోయని రోజు సైటులో ఉంటే పిల్లలకు కనిపించేది మరే రోజూ కనిపించదు. పిల్లర్‌లో కడ్డీకి, కాంక్రీటు అంచుకు మధ్య 40 మిల్లీమీటర్లు, పునాదిలో 50 ఉండాలని, స్లాబుకూ ఇలాగే ఒక కొలత ఉందని పుస్తకంలో చదివి ఉంటారు. స్లాబులో ఆ దూరం నిలబెట్టడానికి కడ్డీ కింద పెట్టే కవర్ బ్లాకులు ఉన్నాయా, మేస్త్రీ కంకర ముక్కలు పెట్టి సరిపెట్టాడా అన్నది వంగి చూస్తే తెలుస్తుంది. ఆ మర్నాటికి అంతా కాంక్రీటు కిందికి పోతుంది. ఆర్కిటెక్టుకు ఫోను చేసి "మీ స్లాబు ఎప్పుడు?" అని కనుక్కుని తేదీ పెట్టుకోండి. కాలేజీ టైంటేబుల్ ప్రకారం సైటు నడవదు.

ఆఫీసులు దొరకని నెలల్లో కూడా మన ప్రాంతంలో పిల్లలు పని నేర్చుకునే చోట్లకు కొదవ లేదు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు కోసి మెరుగు పెట్టే యూనిట్లకు తీసుకెళ్లండి. పలక ఏ పరిమాణంలో వస్తుందో తెలిస్తే మెట్టు వెడల్పు ఎంత పెడితే ముక్క వృథా కాదో తెలుస్తుంది. థర్మల్ కేంద్రాల బూడిదతో ఇటుకలు చేసే యూనిట్లకు తీసుకెళ్లండి, మట్టి ఇటుకతో పక్కపక్కన పెట్టి తూచి చూడనివ్వండి.

వేయిస్తంభాల గుడి ఎలాగూ మన ఊళ్లోనే ఉంది. 1163 నాటి గుడి శిల్పాన్ని అందరూ చూస్తారు. మీ పిల్లలు మాత్రం ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని చూడాలి. 2006లో దాన్ని విప్పారు, తిరిగి కట్టి 2024లో తెరిచారు. విప్పేటప్పుడు ప్రతి రాయికీ నంబరు వేశారు. రాయి మీది నంబరు, డ్రాయింగు మీది నంబరు ఒకటి కాకపోతే ఆ స్తంభాలు మళ్లీ లేచేవి కావు. కాకతీయులు పునాదిలో ఇసుక నింపిన పద్ధతి ఆ పనిలోనే మళ్లీ చర్చకు వచ్చింది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడి పునాది గురించి వినే ఇసుక పెట్టె సంగతి కూడా ఇదే. ఒక్కో విద్యార్థికీ ఒక స్తంభం ఇచ్చి, కొలిచి, గీసి, రాళ్లకు నంబర్లు వేయమనండి. ఆ కాగితాన్ని ఇంకో విద్యార్థి చేతికిచ్చి "దీన్ని చూసి ఈ స్తంభాన్ని మళ్లీ నిలబెట్టగలవా?" అని అడగండి. ఎక్కడ కొలత తప్పిపోయిందో వాళ్లే పట్టుకుంటారు. ఇలాంటి కాగితాలు చూపించి ఆఫీసును అడిగితే ఈసారి గంటలో పంపించరు.

ప్రశ్న: మా అమ్మాయి బీఆర్క్ రెండో సంవత్సరం. ఆఫీసు చూడడానికంటే పంపాము. ఇప్పుడు కడుతున్న భవనాల మీదికి కూడా తీసుకెళ్తామంటున్నారు. ఆడపిల్లకు ఇదంతా అవసరమా? లోపల కూర్చుని డ్రాయింగులు వేసుకోవచ్చు కదా?
– ఒక తండ్రి, జనగామ

జవాబు: అన్నగారూ, మీ భయం నాకు తెలుసు. కానీ ఏ సైటుకైనా వెళ్లి చూడండి, తట్టలు మోస్తూ, కంకర ఎత్తుతూ, గోడలకు నీళ్లు కొడుతూ ఉన్నది ఆడవాళ్లే. వాళ్లు ఎక్కే మెట్ల మీదికి, ఆ మెట్లు గీసే మీ అమ్మాయి ఎక్కకూడదా? సైటు చూడని ఆర్కిటెక్టు గీసిన కాగితాన్ని మేస్త్రీ పక్కన పెట్టేసి తనకు తోచినట్టు కడతాడు. అప్పుడు ఆమె చదివిన అయిదేళ్లూ ఎవరికీ అక్కరకు రావు.

మీరు అడగవలసింది భద్రత గురించి. హెల్మెట్లు ఇస్తున్నారా అని కాలేజీని గట్టిగా అడగండి. కాలు పూర్తిగా కప్పే బూట్లు కొనివ్వండి. సెంట్రింగ్ చెక్కల మేకులు చెప్పుల్లోంచి దిగుతాయి. చున్నీ వేలాడకుండా కట్టుకోమనండి. గోడ లేని అంచుల దగ్గర, లిఫ్టు కోసం వదిలిన గుంత దగ్గర ఫొటో తీస్తూ వెనక్కి నడవవద్దని చెప్పండి. రోజంతా ఉండే సైటులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందో లేదో కూడా ముందే కనుక్కోవాలి. లేకపోతే ఏర్పాటు చేయమని కాలేజీ తరఫున అడగాలి. అక్కడ పనిచేసే ఆడవాళ్లకు కూడా అది కావాలి, వాళ్ల తరఫున అడిగేవాళ్లు తక్కువ.

ప్రశ్న: మా ఊళ్లోనే ఒక చిన్న ఆఫీసులో ట్రైనింగ్ చేస్తే విలువ ఉంటుందా? హైదరాబాద్‌లో ఉంటే అద్దెలు భరించలేము.
– విద్యార్థిని, పెద్దపల్లి

జవాబు: ఉంటుంది. చిన్న ఆఫీసులో ఇంటివాళ్లతో మాట్లాడడం నుంచి బిల్లు సరిచూడడం దాకా అన్నీ నీ కళ్ల ముందే జరుగుతాయి. పెద్ద ఆఫీసులో అవి వేర్వేరు గదుల్లో జరుగుతాయి. చూసుకోవలసింది ఒక్కటే. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైన వాళ్లే ఆర్కిటెక్టు అని రాసుకోవాలి. బోర్డు మీద ప్లానులు, ఎలివేషన్లు అని రాసినంత మాత్రాన అక్కడ ఆర్కిటెక్టు ఉన్నారని కాదు. రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, మొహమాటపడవద్దు. ఆ నంబరును కాలేజీకి చూపించి, అక్కడ చేసిన ట్రైనింగును ఒప్పుకుంటామని వాళ్ల చేత ముందే రాయించుకుని చేరు. నెలకు ఎంత ఇస్తారన్నది కూడా మొదటి రోజే అడుగు.